‘ఛార్జి’ని ఇటాలియన్‌లో ఏమనాలి? చీమకుర్తి బండల ఖర్చుల పట్టీ గురించి ఒక సందేహం

చీమకుర్తి గుమాస్తా

సభ్యులందరికీ నమస్కారం. చీమకుర్తిలో గ్రానైటు ఎగుమతి చేసే ఒక కార్యాలయంలో పన్నెండేళ్లుగా కాగితాల పని చూస్తున్నాను. మెరిసే చుక్కలున్న నల్లరాయి, మా గెలాక్సీ బండ ఇటలీకి వెళ్లడం కొత్త సంగతి కాదు గానీ, ఈ మధ్య అక్కడి కొనుగోలుదారు ఒకరు తమ గిడ్డంగి మనుషులకూ లెక్కలు రాసేవారికీ తెలిసేలా ఖర్చుల పట్టీని ఇటాలియన్‌లో కూడా పంపమని అడిగారు. మా ఇంగ్లీషు పట్టీ ఒకే పేజీ. అందులో ‘ఛార్జి’ అనే మాట కొన్నిచోట్ల విడిగా, కొన్నిచోట్ల మరో మాటతో కలిసి మొత్తం పదకొండు చోట్ల ఉంది. ఒక్కొక్క గడినీ విడివిడిగా అనువాద యంత్రంలో వేసి, వచ్చిన మాటను వచ్చినట్టే దించాను. తొమ్మిది చోట్ల ‘కారికా’ అనే మాటే వచ్చింది. ఇన్ని చోట్ల ఒకే మాట వచ్చిందంటే అదే సరైన మాట అయి ఉంటుందనుకుని పంపించాను.

మరునాడు వారి నుంచి జవాబు వచ్చింది. బండ ధర మీద పేలుడు మందు ధర వేరుగా ఎందుకు వేస్తున్నారని, అసలు ఈ బ్లాకులను డైమండ్ వైరుతో కోశారా లేక మందు పెట్టి పగలగొట్టారా అని అడిగారు. మందు పెట్టి తీసిన బ్లాకులో పైకి కనబడని సన్న బీటలు ఉంటాయనీ, పలకలు కోసేటప్పుడు అవి విడిపోతాయనీ వారి భయం. ఆ భయం న్యాయమైనదే. మేము రాసినది లారీకి ఎత్తే ఖర్చు, వారు చదివినది మందు ఖర్చు. ఫోనులో సర్ది చెప్పాము గానీ, పట్టీ ఇంకా సరిదిద్దలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఖర్చు అనే అర్థంలో ‘ఛార్జి’కి ఇటాలియన్‌లో ఎక్కడైనా వాడదగిన మాట ఒకటి ఉన్నదా?

కావలి అధ్యాపకురాలు

గుమాస్తా గారూ, యంత్రం మీకు ఇచ్చిన మాట పరాయిది కాదు, ‘ఛార్జి’కి తోబుట్టువే. అందుకే ఇంత చిక్కు వచ్చింది. లాటిన్‌లో ‘కారుస్’ అంటే బండి. బండికి సరుకు ఎత్తడాన్ని తరువాతి లాటిన్‌లో ‘కారికారే’ అన్నారు. అది ఇటలీలో ‘కారికారే’గానే నిలిచింది, ఫ్రెంచిలో రూపం మారి ఇంగ్లీషులోకి ‘ఛార్జి’గా వచ్చింది. మనం వాడే ‘కారు’, ‘కార్గో’ కూడా ఆ బండి నుంచి పుట్టినవే. ఇంగ్లీషువారు ఆ బరువు అనే భావాన్ని ఎటు కావాలంటే అటు లాగారు. తుపాకిలో నింపే మందు బరువే, మనిషి మీద పెట్టే పని బరువే, మోపే నేరం బరువే, చెల్లించవలసిన సొమ్మూ బరువే. ఇటాలియన్‌లో మాత్రం మొదటి అర్థమైన ‘ఎత్తిన బరువు’, ‘నింపిన మందు’ ఆ మాటతోనే ఉండిపోయాయి. సొమ్ము అనే అర్థానికి వేరే మాటలు వచ్చాయి.

కాబట్టి ఒక్క మాట కోసం వెతకవద్దు. మన తెలుగులోనే చూడండి. బస్సు ఛార్జి, లాఠీ ఛార్జి, ఛార్జి షీటు, సెల్లుకు ఛార్జింగు, కొత్త ఎమ్మార్వో ఛార్జి తీసుకోవడం, కరెంటు ఛార్జీలు అని రోజూ అంటూనే ఉంటాము. ఇంగ్లీషు మాటను అలాగే తెచ్చుకున్నందువల్ల ఇవన్నీ ఒకటే వస్తువన్న భ్రమ మనకూ కలిగింది. మీ పట్టీలో ప్రతి గడి దగ్గరా ఆగి, ‘ఛార్జి’ అన్న మాట నోట రాకుండా ఆ సంగతిని మీ ఇంట్లో పెద్దవారికి ఎలా చెబుతారో అలా రాయండి. బాడుగ, కూలి, రుసుము, సుంకం, పూచీ, మందు, ఇలా ఏ గడికి ఆ మాట వస్తుంది. తెలుగులో విడిపోయినవి ఇటాలియన్‌లోనూ విడిపోతాయని నా నమ్మకం.

రేవు కాగితాలు, నెల్లూరు

అమ్మా, మీ మాట మీద గౌరవం ఉంచి ఒక అభ్యంతరం చెబుతున్నాను. నేను కస్టమ్స్ కాగితాలు చూసే కార్యాలయంలో పని చేస్తాను. ఓడల వ్యాపారంలో ప్రపంచమంతా ఇంగ్లీషు మాటలే నడుస్తాయి. ‘ఛార్జెస్’ అని అలాగే వదిలేస్తే ఇటలీవారికి అర్థం కాదా? అనవసరంగా అనువాదానికి పోయి కొత్త గొడవ తెచ్చుకోవడం ఎందుకు?

వెరోనాలో ఒంగోలువాడు

అన్నా, ఓడల కంపెనీ వారికి అర్థమవుతుంది. గిడ్డంగిలో క్రేను నడిపే మనిషికి, చీటీలు చూసి పద్దు రాసే అమ్మాయికి అర్థం కాదు. పట్టీ అడిగింది వారి కోసమే కదా. నేను వెరోనా దగ్గర ఒక రాతి పలకల గిడ్డంగిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఏటా మార్మోమాక్ అనే రాళ్ల ప్రదర్శన జరిగే ఊరు ఇది. చీమకుర్తి నల్లరాయి ఇక్కడ కంటికి ఆనకుండా ఒక్క రోజు కూడా గడవదు. పలకను తడిపి ఎండలో నిలబెడితే లోపలి బ్రాంజైట్ అనే ఖనిజపు చుక్కలు మెరుస్తాయి, మా ఊరి రాయి అని పక్కవాడికి చూపిస్తూ ఉంటాను.

అధ్యాపకురాలు గారు చెప్పిన దారి సరైనది. ఇక్కడ నేను రోజూ వినే మాటలు చెబుతాను.

చెల్లించవలసిన ఖర్చు ఏదైనా ‘స్పేజే’. ఇది బహువచనం, ‘ఖర్చులు’ అని మనం అన్నట్టే. రవాణా ఖర్చు ‘స్పేజే ది త్రస్‌పోర్తో’, బ్యాంకు కోత ‘స్పేజే బాంకారియే’. ముందే నిర్ణయించి బోర్డు మీద రాసి పెట్టిన రేటు అయితే ‘తరీఫ్ఫా’. ఒకరి ఖాతాలో పద్దు వేయడం ‘అద్దేబితో’. గుమాస్తా గారి పట్టీలో ఎక్కువ భాగం ‘స్పేజే’తోనే తీరిపోతుంది.

ఇక ‘కారికో’, ‘కారికా’ అనే రెండింటి దగ్గర జాగ్రత్త అవసరం. చివరి అచ్చు ఒక్కటే తేడా గానీ అర్థం పూర్తిగా మారిపోతుంది. ‘ఓ’తో ముగిసే కారికో పుంలింగం: లారీలో ఉన్న లోడు, లోడు ఎత్తే పని. ‘ఆ’తో ముగిసే కారికా స్త్రీలింగం: పేలుడు మందు మోతాదు, బ్యాటరీలోని విద్యుత్తు, పోలీసులు జనం మీదికి దూకడం, పదవి. మన లాఠీ ఛార్జికి ఇక్కడి వార్తల్లో వచ్చే మాట కారికానే. క్వారీవారు పంపిన కాగితంలో కారికా అని కనబడితే ఇక్కడివారికి మొదట తోచేది మందే. వారి తప్పు ఏమీ లేదు.

రెండు మాటల్లోనూ మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. తెలుగువాడికి అజంతమైన మాట పలకడం కష్టం కాదు, కానీ చివరి అచ్చును నిర్లక్ష్యంగా మింగితే ఇక్కడ పని చెడుతుంది.

కందుకూరు దస్తావేజులు

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. నేను ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసినవాడిని. మా వృత్తిలో ‘ఛార్జి’ అంటే ఆస్తి మీద ఉన్న బాకీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వందో సెక్షను దీని గురించే చెబుతుంది. దాన్ని మేము తెలుగులో ‘భారం’ అని రాస్తాము. ‘సదరు ఆస్తిపై ఎట్టి ఋణభారములు లేవు’ అని రాయని క్రయ దస్తావేజు ఉండదు. పొలం మీద భారం, కుటుంబ భారం, ఖర్చు భారం, బండి మీది భారం, అన్నిటికీ మన మాట ఒకటే. ఆ ఇటాలియన్ కారికో మన భారం లాంటిదేనా అని నా సందేహం. పొలం మీది అప్పును కూడా కారికో అంటారా?

వెరోనాలో ఒంగోలువాడు

పెద్దాయనా, మీరు చాలా మంచి చోట చెయ్యి పెట్టారు. పొలం మీది అప్పును మాత్రం కారికో అనరు, ‘గ్రవామే’ అనీ తాకట్టు అయితే ‘ఇపోతేకా’ అనీ అంటారు. కానీ ‘అ కారికో ది’ అనే పలుకుబడి ఒకటి ఉంది. ‘ఫలానా వారి మీద’ అని దాని అర్థం. ‘స్పేజే అ కారికో దెల్లక్విరెంతే’ అంటే ఖర్చులు కొనుగోలుదారు భరించాలి అని. ఆదాయపు పన్ను కాగితంలో పిల్లలను చూపించేటప్పుడు ‘ఫిల్యీ అ కారికో’ అంటారు, తండ్రి మీద ఆధారపడిన పిల్లలు అని. అచ్చం మనం ‘వాళ్ల భారం ఆయన మీదే ఉంది’ అన్నట్టే.

మా గిడ్డంగిలోకి లారీ రాగానే చీటీ పట్టుకుని ఉండే మనిషి మొదట అడిగేది ‘అ కారికో ది కీ?’ అని. క్రేనుతో దింపే ఖర్చు ఎవరి మీద అని. నెల్లూరు మిల్లుల దగ్గర ‘దింపుడు కూలి ఎవరి మీద?’ అని అడగడం నేను చిన్నప్పుడు విన్నాను. రెండు భాషల్లోనూ ఖర్చును మనిషి మీద పెట్టే మాట ఒకే తీరుగా ఉండడం చూసి మొదటి రోజు ఆ చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

గుమాస్తా గారూ, మీ పట్టీకి అసలు తాళంచెవి ఇదే. ఖర్చు పేరు రాసినంత మాత్రాన చాలదు, అది ఎవరి మీదో ‘అ కారికో ది’తో ఒక నిలువు గడిలో రాయండి.

రేవు కాగితాలు, నెల్లూరు

ఇంగ్లీషులోనే వదిలేయమన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఖర్చు ఎవరి మీద అన్న ప్రశ్న వచ్చింది కాబట్టి నా వృత్తికి సంబంధించిన రెండు విషయాలు చెబుతాను.

మీ పట్టీ పైన ఎఫ్.ఓ.బి. ధర అని ఉండి ఉంటే, ఇన్‌కోటర్మ్స్ 2020 అనే అంతర్జాతీయ వ్యాపార నియమాల ప్రకారం సరుకు ఓడ ఎక్కేవరకు అయ్యే ఖర్చు అమ్మకందారుదే. అప్పుడు ‘లోడింగు ఛార్జి’ అని వేరే గడి పెట్టి అంకె వేస్తే అది ఏ భాషలో రాసినా తప్పే. ఆ గడి ఉంచదలచుకుంటే ‘ధరలో కలిసినది’ అని రాయాలి. ఓడ ఎక్కిన తరువాతి ఖర్చులు కొనుగోలుదారువి. అనువాదానికి ముందు ఇది తేల్చుకోండి. బ్యాంకు ద్వారా సొమ్ము వచ్చేటప్పుడు కూడా ఇదే తంతు: ‘అవర్’ అంటే పంపేవారి మీద, ‘బెన్’ అంటే అందుకునేవారి మీద, ‘షా’ అంటే చెరి కొంత. మూడక్షరాల ఆ గుర్తు వేయడం మరచిపోయి సొమ్ములో కోత పడిందని గొడవ పడ్డవారిని ఎందరినో చూశాను.

రెండో విషయం అధ్యాపకురాలు గారికి. ముందు తెలుగులో రాసుకోమన్నారు. మిల్లు దగ్గర బస్తాలు లారీకి ఎత్తడాన్ని మనం ‘ఎగుమతి’ అంటాము. ‘ఎగుమతి కూలి’ అని చీటీ రాస్తాము. నా కార్యాలయంలో ‘ఎగుమతి’ అంటే సరుకు దేశం దాటడం. గుమాస్తా గారు తెలుగులో ‘ఎగుమతి ఖర్చు’ అని రాసుకుంటే అది లారీకి ఎత్తడమా, విదేశానికి పంపడమా? ఒకటి కారికో, రెండోది ‘ఎస్పోర్తాత్సియోనే’. తెలుగు కూడా మనల్ని మోసం చేయగలదు.

కావలి అధ్యాపకురాలు

బాబూ, ఇది నాకు తట్టని విషయం. ‘ఎగుమతి’, ‘దిగుమతి’ రెండూ ఎత్తడం, దించడం అనే అర్థంలోనే పల్లెల్లో నేటికీ బతికి ఉన్నాయి. నా సలహాను ఇలా సవరించుకుంటున్నాను: ఒక్క మాటగా కాదు, పూర్తి వాక్యంగా తెలుగులో రాసుకోవాలి. ‘క్వారీ దగ్గర బ్లాకును క్రేనుతో లారీ మీదికి ఎత్తినందుకు క్రేను యజమానికి ఇచ్చే సొమ్ము’ అని రాస్తే ఇక అందులో దాక్కునే చోటు ఉండదు. యంత్రానికి కూడా గడిలోని ఒంటరి మాటను కాక ఇటువంటి వాక్యాన్ని ఇచ్చి ఉంటే పేలుడు మందు దాకా పోయేది కాదని అనుకుంటున్నాను. మాటకు అర్థాన్ని ఇచ్చేది పక్క మాటలే, గడిలో ఒంటరిగా నిలబెడితే యంత్రమైనా మనిషైనా ఊహించవలసిందే.

ఒక చిన్న ముచ్చట చెప్పి ఊరుకుంటాను. ఫ్లారెన్సులోని ఇటాలియన్ భాషా అకాడమీ పేరు ‘క్రూస్కా’, అంటే తవుడు. పిండి నుంచి తవుడును వేరు చేసే యంత్రం వారి చిహ్నం. వారు తమ మొదటి నిఘంటువును 1612లో వెలువరించారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మా అమ్మ మొలగొలుకుల బియ్యం చేటలో పోసి చెరుగుతూ ఉండడమే గుర్తుకు వస్తుంది.

నెల్లూరు స్టాఫ్ నర్సు

నేను ఇటలీ వెళ్లడానికి భాష నేర్చుకుంటున్నాను. మీ చర్చ బండల గురించే అయినా, ఈ మాటతో నాకూ ఒక ఇబ్బంది ఉంది కనుక అడుగుతున్నాను. ఆసుపత్రిలో రోగిని ‘డిశ్చార్జి’ చేయడానికి ఏమనాలి? ‘ఛార్జి’కి కారికా అయితే దీనికి ‘స్కారికా’ అనుకుని అభ్యాసంలో రాశాను. మా ఉపాధ్యాయురాలు కొట్టివేశారు గానీ, కారణం చెప్పే సమయం లేకపోయింది.

వెరోనాలో ఒంగోలువాడు

అమ్మా, ‘స్కారికా’ అంటే కరెంటు షాకు, లేదా తుపాకులు వరుసగా పేలడం. ‘స్కారికో’ అంటే లారీ దింపడం, లేదా సింకు నీళ్లు పోయే గొట్టం. రోగిని ఈ మాటలతో చెబితే సామాను దించినట్టు వినబడుతుంది. రోగిని ఇంటికి పంపడం ‘దిమిస్సియోనే’. అదే మాటను బహువచనంలో ‘దిమిస్సియోనీ’ అంటే ఉద్యోగానికి రాజీనామా కూడా అవుతుంది, కాబట్టి రోగి గురించి రాస్తున్నట్టు తెలిసేలా రాయండి. పుండు నుంచి కారే డిశ్చార్జి మళ్లీ వేరు, అది ‘సెక్రెత్సియోనే’.

గుమాస్తా గారికి కూడా ఇందులో పనికివచ్చేది ఉంది. మీ పట్టీలో ‘పోర్ట్ ఆఫ్ డిశ్చార్జి’ ఉంటుంది కదా. సరుకు దింపే రేవు కనుక అక్కడ మాత్రం స్కారికో సరైనది: ‘పోర్తో ది స్కారికో’. ఓడ ఎక్కించే రేవు ‘పోర్తో ది కారికో’, సరుకు అందినట్టు ఓడవారు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ ‘పోలిత్సా ది కారికో’. ఓడ ఆలస్యానికి పడే డెమరేజి ఛార్జీలకు ‘కొంత్రోస్తల్లీయే’ అనే పాత మాట ఒకటి స్థిరపడి ఉంది, దాని పక్కన ‘ఛార్జి’కి ఏమీ చేర్చనక్కరలేదు.

చీమకుర్తి గుమాస్తా

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఒక తెల్లకాగితం మీద పదకొండు చోట్లనూ తెలుగులో పూర్తి వాక్యాలుగా రాసుకున్నాను. వాటిలో ఆరు ‘స్పేజే’లో చేరాయి. ఓడ ఎక్కించే ఖర్చు మా ధరలోనే ఉందని మా యజమాని గారు తేల్చి చెప్పారు, కాబట్టి అక్కడ ‘కలిసినది’ అని రాస్తున్నాను. ఇన్నాళ్లుగా ఇంగ్లీషు పట్టీలో కూడా ఆ గడి తప్పుగానే ఉన్నదని ఇప్పుడే తెలిసింది. ‘ఫ్రీ ఆఫ్ ఛార్జి’ అని ఉచితంగా పంపే నమూనా ముక్కలకు ‘గ్రతూయితో’ అని యంత్రం ఇచ్చినది సరైనదే అని గ్రహించాను.

ఒక గడి మాత్రం మిగిలింది. పట్టీ అడుగున ‘క్వారీ ఇన్‌ఛార్జి’ సంతకం ఉంటుంది. బ్లాకు మీద ఎర్ర రంగుతో నంబరు వేసి, టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, పగుళ్లు ఉన్న అంచును కొలతలోంచి తీసివేసి సంతకం చేసేది ఆయనే. యంత్రం ‘ఇన్ కారికా’ అని ఇచ్చింది. ఇంగ్లీషు మాటకు ఇంత దగ్గరగా ఉంది కనుక ఇది ఉంచవచ్చునా?

వెరోనాలో ఒంగోలువాడు

ఉంచవద్దు అన్నా. ‘ఇన్ కారికా’ అంటే ప్రస్తుతం పదవిలో ఉన్న అని. పదవిలో ఉన్న అధ్యక్షుడు, పదవిలో ఉన్న మేయరు అనే చోట వాడతారు. సెల్లు ఛార్జింగులో ఉన్నదనడానికి కూడా అదే. మీ మేస్త్రీ గారికి ‘రెస్పోన్‌సాబిలే దెల్లా కావా’ అని రాయండి, క్వారీ బాధ్యుడు అని. ‘దిరెత్తోరే రెస్పోన్‌సాబిలే’ అని మాత్రం గొప్పగా పెంచి రాయవద్దు. ఇటలీ గనుల భద్రతా నిబంధనల్లో అది చట్టం గుర్తించిన హోదా. ‘ఇన్‌కారికాతో’ అని ఇంకో మాట ఉంది, ఒక పని కోసం ఎవరో నియమించి పంపిన మనిషి. కొలతల రోజు మాత్రమే వచ్చే వ్యక్తి అయితే అది సరిపోతుంది. రోజూ క్వారీ చూసే మనిషికి రెస్పోన్‌సాబిలే.

కందుకూరు దస్తావేజులు

‘బాధ్యుడు’ అన్నమాట నాకు నచ్చింది. ఇన్‌ఛార్జి అని రాయడం అలవాటైపోయి దాన్ని మరిచిపోయాము. పట్టీ సిద్ధమైతే పంపే ముందు ఇక్కడ ఒకసారి పెట్టండి, నలుగురం చూస్తాము.

చీమకుర్తి గుమాస్తా

పెట్టాను. పై వరుసలో బ్లాకు నంబరు, ఘనపు మీటర్లు, లోడుల సంఖ్య. కింద ఖర్చు పేరు, మొత్తం, ఎవరి మీద అనే మూడు నిలువు గడులు. ‘లోడుల సంఖ్య’కు ‘నూమెరో దెయి కారికే’ అని నేనే సొంతంగా కూర్చాను. దయచేసి చూడండి.

వెరోనాలో ఒంగోలువాడు

కింది భాగమంతా బాగుంది, మా గిడ్డంగి మనిషికి చూపించాను, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చదివాడు. పై వరుసలో మాత్రం ‘కారికే’ తీసివేయండి. అది కారికాకు బహువచనం, మందు మోతాదుల సంఖ్య అని అర్థం వస్తుంది. లోడుకు బహువచనం ‘కారికీ’. రాతలో సి, హెచ్, ఐ అక్షరాలతో ముగుస్తుంది. ఇంగ్లీషు అలవాటుతో దాన్ని ‘చి’ అని చదవవద్దు, ‘కీ’ అనే చదవాలి.

చీమకుర్తి గుమాస్తా

మార్చాను. ‘కారికీ’ అని మూడుసార్లు పైకి చదువుకుని, ఇప్పుడే పంపించాను.